ఆయన వాటా ఎంత, ఎప్పుడు అమ్ముకోవచ్చు?

హన్మకొండ,
ఆదివారం

దోస్తూ,

నువ్వు రిటైర్మెంట్ పైసలు పెడదామనుకుంటున్న ఆ కొత్త క్రిప్టో కాయిన్ గురించి పంపిన రెండు వీడియోలూ చూశాను. పీడీఎఫ్ కూడా చివరి పేజీ దాకా చదివాను. ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే "సరే తియ్" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. ఇప్పుడు నీకు షిఫ్టుల గొడవ కూడా లేదు కదా, తీరిగ్గా చదువు. చెల్లెకు కూడా చదివి వినిపించు.

ఆ కాయిన్ పెట్టినాయన గురించి "అమెరికాలో అంత పెద్ద ఉద్యోగం వదిలేసి వచ్చాడు, సొంతూళ్లో బడి కట్టించాడు, మన యాసలో మాట్లాడతాడు, అలాంటి మనిషిని అనుమానించడానికి నీకు మనసెట్లా వచ్చింది" అని అడిగావు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన మనసులో ఏముందో తెలుసుకునే దారి నాకు లేదు, నీకూ లేదు. ఆయన స్టేజీ మీద కన్నీళ్లు పెట్టుకున్న వీడియో మూడుసార్లు చూసినా తెలియదు. నా టెన్షన్ అంతా నీ గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్) పైసల గురించే. బొగ్గుబాయిలో ఒళ్లు హూనం చేసుకుని సంపాదించినవి అవి. బిడ్డ పెళ్లి ఇంకా చేయాలి.

కాయిన్ పెట్టినవాళ్ల మనసులో మాట మనకెప్పుడు తెలుస్తుందో చెప్తాను. వన్‌కాయిన్ అని 2014లో బల్గేరియాలో మొదలైంది. రుజా ఇగ్నాతోవా అనే ఆవిడ పెట్టింది. పెద్ద చదువులు చదివిన మనిషి. 2016లో లండన్‌లో వెంబ్లీ అరేనా నిండా జనం చప్పట్లు కొడుతుంటే, బిట్‌కాయిన్‌ను దాటేస్తామని ప్రసంగించింది. మన దేశానికీ వచ్చింది ఆ కాయిన్, 2017లో నవీ ముంబైలో దాని సమావేశం మీద పోలీసులు దాడి చేసి పలువురిని అరెస్టు చేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆవిడ సోఫియాలో విమానం ఎక్కి ఏథెన్స్‌లో దిగింది. అటు తర్వాత ఆచూకీ లేదు. 2022లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన పది మంది మోస్ట్ వాంటెడ్ జాబితాలో పేరు పెట్టింది. అసలు ఆ కాయిన్‌కు చెప్పుకోదగ్గ బ్లాక్‌చెయిన్, అంటే లావాదేవీలన్నీ అందరూ చూడగలిగే లెక్కల పుస్తకం, అనేదే లేదు.

ఇక నన్ను బాగా కలవరపెట్టింది ఏమిటంటే, పథకం మొదలైన 2014లోనే ఆవిడ తన భాగస్వామికి రాసిన ఈమెయిల్ ఒకటి కేసులో బయటపడింది. వ్యవహారం బెడిసికొడితే ఏం చేయాలో అందులో రాసుకుంది: పైసలు తీసుకుని పారిపోవడం, నింద ఇంకొకరి మీద వేయడం. ఆ భాగస్వామికి 2023లో అమెరికా కోర్టు 20 ఏళ్ల శిక్ష వేసింది. అంటే ఆవిడ ఉద్దేశం మొదటి రోజునుంచే కాగితం మీద ఉంది. పైసలు పెట్టినవాళ్లకు మాత్రం కోర్టు ఫైళ్లు తెరిచాకే తెలిసింది. నాలుగు వందల కోట్ల డాలర్లకు పైగా పోయాక తెలిసి ఏం లాభం?

అందరూ ఆవిడలాగే మోసం చేద్దామని మొదలుపెడతారని నేను అనడం లేదు. కొరియా వాడు డో క్వాన్ సంగతి చూడు. టెర్రా అనే కాయిన్ ఎప్పుడూ ఒక డాలర్ దగ్గరే నిలబడేలా లెక్క కట్టాడు, దానికి జోడీగా లూనా అని ఇంకో కాయిన్. దాచుకున్నవాళ్లకు ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ. తన కాయిన్ మీద ఎంత ప్రేమంటే, పుట్టిన పాపకు లూనా అనే పేరు పెట్టుకున్నాడు. అలాంటివాడు నమ్మకుండా నటించాడని నేననుకోను. కానీ ఒక ఆర్థికవేత్త లోపం ఎత్తిచూపితే, పేదవాళ్లతో నేను వాదించను అని ట్విట్టర్‌లో జవాబిచ్చాడు. 2021 మే నెలలో ఆ కాయిన్ ఒకసారి డాలర్ కిందికి జారింది. మళ్లీ లేచినప్పుడు, చూశారా నా లెక్క తనంతట తానే సర్దుకుంది అన్నాడు. నిజానికి ఒక ట్రేడింగ్ కంపెనీ చాటుగా కొని లేపింది. ఏడాది తర్వాత, 2022 మేలో మళ్లీ జారింది, ఈసారి లేవలేదు. కొన్ని రోజుల్లోనే దాదాపు నాలుగు వేల కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. 2025 ఆగస్టులో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, డిసెంబర్‌లో 15 ఏళ్ల శిక్ష పడింది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, తన సరుకును నిజంగా నమ్మినవాడు కూడా అబద్ధం చెప్తాడు. అది పడిపోకుండా ఆపడానికే చెప్తాడు. "ఆయన కళ్లలో నిజాయితీ కనబడుతుంది" అన్నావు చూడు, కనబడొచ్చు. ఆ నిజాయితీ నీ పైసలకు కాపలా కాదు.

బడి సంగతి కూడా అంతే. క్రిప్టో కాయిన్లు కొని అమ్ముకునే ఎఫ్‌టీఎక్స్ అనే కంపెనీ పెట్టిన శామ్ బ్యాంక్‌మన్ ఫ్రైడ్ సంపాదించిందంతా దానం చేస్తానని చెప్పేవాడు. మామూలు కరోలా కారు, నిక్కరు, టీషర్టు. పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. 2022 నవంబర్‌లో కంపెనీ దివాలా తీసింది, జనం దాచుకున్న పైసల్లో దాదాపు 800 కోట్ల డాలర్లు లెక్క తేలలేదు. 2024లో 25 ఏళ్ల శిక్ష. నీవాడు కట్టించిన బడి మంచిదే, పిల్లలు చదువుకుంటున్నారు, సంతోషం. దానికీ కాయిన్‌కూ ముడి పెట్టకు.

ఇప్పుడు ఇంకోలాంటి కథ. 2011లో లైట్‌కాయిన్ పెట్టిన చార్లీ లీ, 2017 డిసెంబర్‌లో తన దగ్గరున్న కాయిన్లన్నీ అమ్మేశానని, కొన్ని దానం చేశానని ప్రకటించాడు. నేను ఏం మాట్లాడినా ధర పెంచుకోవడానికే అంటున్నారు, అందుకే వదులుకున్నాను అన్నాడు. అప్పుడు ధర మూడు వందల డాలర్ల పైన ఉంది. ఏడాది తిరిగేసరికి ముప్పై దరిదాపుల్లోకి వచ్చింది. కొందరు పెద్దమనిషి అన్నారు, కొందరు శిఖరం మీద అమ్ముకుని తప్పుకున్నాడన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు, తెగదు కూడా. అయితే ఒకటి ఉంది. అతను పక్కకు జరిగినా లైట్‌కాయిన్ నడుస్తూనే ఉంది, ఎందుకంటే కొత్త కాయిన్లు ఇష్టమొచ్చినట్టు ముద్రించే తాళంచెవి అతని చేతిలో ఏనాడూ లేదు. ధర పడి నష్టపోయినవాళ్లు ఉన్నారు, కానీ కాయిన్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని రాబోతున్నాయో అందరికీ ముందే తెలుసు. బిట్‌కాయిన్ సంగతైతే ఇంకా విచిత్రం. 2008 అక్టోబర్‌లో అది ఎలా నడవాలో చెప్పే పత్రం రాసిన సతోషి నకమోటో ఎవరో ఇప్పటికీ లోకానికి తెలియదు. ఆయనవిగా భావించే పది లక్షల కాయిన్లు కదలకుండా పడి ఉన్నాయి. ఆయన మంచోడా చెడ్డోడా అని ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. మొత్తం 2.1 కోట్లకు మించి పుట్టవని నియమం, ఆయనైనా మార్చలేడు.

అందుకని నీ పీడీఎఫ్‌లో నేను ఆయన ఫొటోలు వదిలేసి, ముప్పై ఒకటో పేజీలోని గుండ్రటి బొమ్మ చూశాను. నువ్వూ తీసి చూడు. టీమ్‌కు 25 శాతం. ఫౌండేషన్‌కు 30 శాతం. ఆ ఫౌండేషన్‌లో ఎవరున్నారో ఎక్కడా రాయలేదు, ఆయనొక్కడి పేరే ఉంది. అంటే సగానికి పైగా ఆయన చెప్పుచేతల్లో ఉన్నట్టే. దాని కింద చిన్న అక్షరాల్లో, టీమ్ వాటా ఆరు నెలల తర్వాత అమ్ముకోవచ్చు అని ఉంది. కొన్నవాళ్లు మాత్రం స్టేకింగ్ (కాయిన్లను కదపకుండా కట్టి ఉంచడం) పేరుతో రెండేళ్లు అమ్మకూడదు! ఆయన బయటికి వెళ్లే తలుపు ఆరో నెలలో తెరుచుకుంటుంది, నీది రెండేళ్లకు. మంచి మనసుతోనే రాశాడనుకుందాం, మరి ఈ తేడా ఎందుకు? అవసరమైతే కొత్తవి ముద్రించే హక్కు "యాజమాన్యం వద్ద ఉంటుంది" అని కూడా ఉంది. ఇవాళ్టి ధర 42 రూపాయలు అని యాప్‌లో చూపిస్తుంది కదా, ఆ ధర ఎక్కడ పలికింది? వాళ్ల యాప్‌లో తప్ప బయట ఎక్కడా ఆ కాయిన్ అమ్మకానికి లేదు.

మన హన్మకొండలో ఎన్ని చిట్‌ఫండ్ ఆఫీసులు ఉన్నాయో నీకు తెలుసు. 1982 చట్టం ప్రకారం రిజిస్టర్డ్ చిట్టీ మొదలుపెట్టాలంటే, నడిపేవాడు ముందు చిట్టీ మొత్తానికి సరిపడా హామీ రిజిస్ట్రార్ దగ్గర పెట్టాలి. అతని కమీషన్ 5 శాతం మించకూడదని ఉండేది, 2019లో 7 శాతం చేశారు. అతను దేవుడా దెయ్యమా అని చట్టం అడగదు, అతనికి వచ్చేది ఎంతో ముందే రాయించి, కొంత పైకం పట్టి ఉంచుతుంది. అయినా చిట్టీల్లో మునిగినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. హామీ ఉన్న చోటే ఇలా ఉంటే, ఏ హామీ లేని చోట మన గతి ఏమిటి?

మీ బామ్మర్ది గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకు. నిన్ను చేర్పిస్తే అతనికి 8 శాతం వస్తుందని అదే పీడీఎఫ్‌లో ఉంది. అతను చెడ్డవాడు కాదు. తనూ పైసలు పెట్టాడు, ఇంకొకరు చేరితేనే తన ధైర్యం నిలబడుతుంది. కానీ చేర్పించినవాళ్లకు కమీషన్ మీద కమీషన్ పంచుతూ నడిచే పథకాలను 1978 నుంచే మన దేశంలో చట్టం నిషేధించింది. కాయిన్ అని పేరు మార్చినంత మాత్రాన అది వర్తించకుండా పోదు, రేపు నువ్వు ఇంకొకరిని చేర్పిస్తే నీ మెడకూ చుట్టుకుంటుంది.

పోయిన నెల పరకాల నుంచి ఒక రిటైర్డ్ సారు మా ఆడిటర్ ఆఫీసుకు వచ్చాడు. వేరే కాయిన్, వేరే యాప్. ఫోన్‌లో పదిహేడు లక్షలు కనిపిస్తున్నాయి, తీసుకుందామంటే ముందు ట్యాక్స్ కింద లక్షన్నర వాళ్ల ఖాతాలో వేయమంటున్నారట. ఆ లక్షన్నర ఎక్కడ అప్పు దొరుకుతుందా అని చూస్తున్నాడు ఆ పెద్దాయన. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి ఉన్నమాట నిజమే, కానీ అది మనం రిటర్న్ వేసి ప్రభుత్వానికి కడతాం, యాప్ వాళ్ల ఖాతాలో కాదు. సార్‌తో వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, సైబర్ పోలీసుల దగ్గరికి పంపించాం. ఆయన కూడా వాళ్ల ఫౌండర్ గురించి నాతో నీలాగే మాట్లాడాడు, అంత మంచి మాటకారి అని. నాకు ఆ రోజు అన్నం సరిగా దిగలేదు.

నువ్వు ఒక పని చేయి. నిన్ను చేర్పించాలని చూస్తున్న ఆ కాయిన్ మీటింగ్ వాళ్లను రాతపూర్వకంగా నాలుగు మాటలు అడుగు. ఫౌండేషన్‌లో ఎవరెవరున్నారు, టీమ్ వాటా ఏ అడ్రస్‌లో (కాయిన్లు ఉండే ఖాతా నంబర్) ఉంది, దానికి ఆరు నెలలే ఎందుకు, కొత్తవి ముద్రించే హక్కు ఎందుకు తీసేయరు. మర్యాదగానే అడుగు. నిజమైన పని చేసేవాడికి వీటికి జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. "నమ్మకం లేనివాళ్లకు మా కుటుంబంలో చోటు లేదు" అని గ్రూపులోంచి తీసేశారనుకో, నీ పైసలు నీ దగ్గరే ఉన్నాయి.

శుక్రవారం లోపు వేస్తే పది శాతం బోనస్ అన్నారు కదా, ఆ బోనస్ పోతే పోనీ. వచ్చే ఆదివారం భాగ్యనగర్ రైలెక్కి కాజీపేటలో దిగు, నేను స్టేషన్‌కు వస్తాను. పాస్‌బుక్, ఆ పీడీఎఫ్ ప్రింటు పట్టుకురా. సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో ఎంత, పోస్టాఫీసులో ఎంత, బిడ్డ పెళ్లికి విడిగా ఎంత అనేది ఇద్దరం కూర్చుని రాసుకుందాం. అప్పటిదాకా ఒక్క రూపాయి కూడా ఎవరికీ వేయకు, మీ బామ్మర్ది ఫోన్ చేస్తే నా నంబర్ ఇవ్వు, నేనే మాట్లాడతాను.

చెల్లెను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ దోస్తు