తువాలు అక్కకు, ఫునాఫుటి విమానాశ్రయం వాళ్లకు కృతజ్ఞతలు

పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం తువాలులో మొట్టమొదటి ఏటీఎం 2025 ఏప్రిల్‌లో పెట్టారని చదివాక, రెండేళ్లుగా రాయకుండా దాటేస్తున్న ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాసేస్తున్నాను.

2023లో వాన నీటి ట్యాంకుల పని మీద ఫిజీ నుంచి తువాలు రాజధాని ఫునాఫుటి వెళ్లాను. ("తువ్వాలుకి వెళ్తున్నావా? అదేం ఊరురా!" అని ఫోన్లో మా అమ్మ ఒకటే నవ్వు.) అక్కడ తాగడానికి వాన నీళ్లే ఆధారం. మూడు రోజుల పని, దానికి సరిపడా ఆస్ట్రేలియా డాలర్లు పట్టుకెళ్లాను. నాలుగో రోజు నన్ను తీసుకెళ్లాల్సిన విమానం ఆ వానకే దిగలేక వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ విమానం మూడు రోజులకు. అప్పట్లో అక్కడ కార్డు గీకే చోటే లేదు. జేబులో పదకొండు డాలర్లు మిగిలాయి.

విమానాశ్రయం కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా మొహం చూసి ఏమీ అడగలేదు. కౌంటర్ మూసేసి, బండెక్కించుకుని నేను అన్నాళ్లూ ఉన్న గెస్ట్‌హౌస్ దగ్గరే దింపింది. దాన్ని నడిపే అక్క "డబ్బులు సువా (ఫిజీ రాజధాని) వెళ్లాక పంపు" అంది. పేరు తప్ప నా గురించి ఆమెకేం తెలుసు? మూడు రోజులూ చేప, కొబ్బరిపాలు పోసి వండిన పులాకా దుంప. సగంలో లేస్తే గదమాయింపు.

సాయంత్రాలు రన్‌వే మీదే. 1943లో యుద్ధం కోసం అమెరికా సైన్యం వేసింది అది. సన్నటి దీవిలో అంత ఖాళీ జాగా ఇంకెక్కడా లేదు, అందుకే విమానం లేని వేళ ఊరంతా అక్కడే ఉంటుంది: ఫుట్‌బాల్, వాలీబాల్, కూర్చుని కబుర్లు. వాలీబాల్ కుర్రాళ్లు నన్నూ ఆటలో కలుపుకున్నారు. నా సర్వీసు ఒక్కటీ నెట్ దాటలేదు. అయినా మర్నాడు మళ్లీ పిలిచారు, అది వాళ్ల మంచితనం. విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది, అందరూ పక్కకు తప్పుకుంటారు. ఏడో రోజు ఆ సైరన్ మోగేసరికి అక్క నా సంచిలో దారికి తిండి పొట్లం కుక్కుతోంది.

బాకీ డబ్బులు అటు వెళ్తున్న తోటి ఇంజనీరు చేత పంపాను. వాటితో పాటు అమ్మ ఇచ్చిన చీరాల నేత తువ్వాలు ఒకటి. మా భాషలో దీని పేరు ఇదీ అని అతను చెబితే అక్క పడీ పడీ నవ్విందట. తమ భాషలో తువాలు అంటే ఎనిమిది కలిసి నిలబడటమని, ఆ మాట మీ అమ్మకు చెప్పమని కబురు పంపింది.

చెప్పాను అక్కా. మీ భాషలోనే కృతజ్ఞతలు: ఫకాఫెటై.