బండిలో నీళ్ల ట్యాంకు గురించి శ్రావణికి

చిరంజీవి శ్రావణికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మ మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది. నువ్వు కొన్న పాత టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీసేసి మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు సొంతంగా బిగించుకుంటున్నావని తమ్ముడు ఫోటోలు చూపించాడు. మొన్న పెళ్లిలో చిట్యాల చిన్నమ్మ మరొక మాట అన్నది. నువ్వు మియాపూర్‌లో ఇల్లు ఖాళీ చేసి ఆ బండిలోనే ఉంటున్నావట. పెళ్లిళ్లలో మాటలకేం కొదవ, నేను పట్టించుకోలేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, నీళ్ల ఏర్పాటు గురించి తెలిసిన నాలుగు సంగతులు రాసి పంపుతున్నాను, అంతే.

ఫోటోలో ట్యాంకు వెనుక తలుపు పక్కన, ఎత్తైన చెక్క మీద ఉన్నట్టు కనిపించింది. లీటరు నీరు కిలో బరువు తూగుతుంది. నీది 150 లీటర్ల ట్యాంకయితే వెనుక ఇరుసు అవతల ఒక మూలన 150 కిలోలు వేలాడదీసినట్టే. ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందికి ఉండాలి. దాన్ని చెక్కకు కాదు, ఇనుప పట్టీలతో ఛాసిస్‌కే బోల్టులు వేసి బిగించాలి. లోపల అడ్డగోడలు ఉన్న ట్యాంకే కొనాలి.

అడ్డగోడలు ఎందుకంటే, ఎండాకాలం దేవరకొండ వైపు తండాలకు మేము ట్యాంకర్లు తోలించే రోజుల్లో ఒక డ్రైవర్ మొదటి తండాలో సగం నీళ్లు వదిలి, మిగతా సగంతో రెండో తండాకు బయలుదేరాడు. దిగువన మలుపు తిప్పగానే లోపలి నీళ్లన్నీ ఒక్కసారిగా ఒక పక్కకు ఒరిగి, చక్రాలు లేచి, ట్యాంకర్ చేలో పడుకుంది. అతను దూకి బతికాడు. నేను వెళ్లేసరికి రెండో తండా ఆడవాళ్లు బిందెలతో వచ్చి, మూత సందులోంచి కారుతున్న నీళ్లు పట్టుకుంటున్నారు. వరుస కోసం అక్కడ కూడా తగాదా పడుతూనే ఉన్నారు. డ్రైవర్ తాగి నడిపాడని కాగితం రాసి పంపుదామని ఆఫీసులో ఒకాయన తొందరపడ్డాడు. నేను మూత తీయించి, లోపలికి టార్చిలైటు వేసి చూపించాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క అడ్డురేకు లేదు. నిండు ట్యాంకు కంటే సగం ట్యాంకుకే భయపడాలని మా డ్రైవర్లందరికీ ఆ రోజు తర్వాత తెలిసింది. నీ ట్యాంకు కూడా దారిలో ఎక్కువసేపు సగంగానే ఉంటుంది.

పంపు 12 వోల్టులది పెట్టావనుకుంటాను. దానికి ముందు జాలీ ఫిల్టర్, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. గట్టి పైపులు కుదుపులకు కీళ్ల దగ్గర పగులుతాయి కాబట్టి తాగునీటికి పనికొచ్చే మెత్తటి పైపు వాడు. మొదటి ప్రయాణం తర్వాత క్లిప్పులన్నీ మళ్లీ బిగించు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా రాత్రిపూట పంపు ఉండుండి దానంతటదే తిరిగితే, ఎక్కడో నీరు కారి ప్లైవుడ్ కిందికి చేరుతోందని అర్థం. బండిలో పడుకునేవాళ్లకైతే ఆ చప్పుడు వినిపిస్తుంది. నువ్వు పడుకుంటున్నావా అని నేను అడగడం లేదు.

అప్పుడప్పుడు, ముఖ్యంగా బండి చాలాకాలం ఆగి ఉన్నాక, ట్యాంకు కడగాలి. 100 లీటర్ల నీటికి 5 శాతం బ్లీచ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కలిపి, ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా వదిలి, కనీసం 4 గంటలు ఉంచి, తర్వాత వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. బోరు నీటి ఉప్పు తెట్టు కట్టితే వెనిగర్ వాడవచ్చు గానీ, బ్లీచ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది కాబట్టి రెండూ ఒకే రోజు పెట్టుకోకు. దారిలో కనిపించిన బోరు నీళ్లల్లా నింపుకోకు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు మరిగిస్తే పోదు, బ్లీచ్‌తో పోదు, మామూలు బొగ్గు ఫిల్టరుతోనూ పోదు. ఫ్లోరైడు నీళ్లకు వంకర తిరిగిన మర్రిగూడ మేనత్త కాళ్లు చూస్తూ పెరిగినదానివి, నీకు ఇంతకంటే చెప్పనక్కరలేదు.

వంటగ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి బండి కిందిభాగంలో గాలి పోయే రంధ్రం తప్పక ఉంచమని అమ్మ రాయమంటోంది. నిజానికి అది నేనే ఆమెకు చెప్పాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని ఇష్టానుసారం మార్చకూడదు. రవాణా కార్యాలయంలో అనుమతి అడుగు, బీమా వాళ్లకు కూడా తెలియజేయి. కాగితాల మీద ఏదైనా చిరునామా అవసరమైతే మన నల్లగొండ ఇంటిదే రాయించు, కారణం ఎవరికీ చెప్పనవసరం లేదు, నాకు కూడా.

ట్యాంకు నింపి ఒకసారి, ఖాళీగా ఒకసారి బండిని వేబ్రిడ్జి మీద తూకం వేయించి ఆ చీటీలు పంపు. దసరాకు వస్తే ట్యాంకు ఖాళీగానే తీసుకురా, ఇక్కడ కృష్ణా నీళ్లు నింపుదాం. వాకిట్లో వేపకొమ్మ బాగా కిందికి దిగింది. బండి ఎత్తు ఎంతో రాస్తే ముందే కొట్టించి పెడతాను.

ఇట్లు,
నాన్న