గుమస్తాను లేపకుండా ఫైలు

సంపాదకులకు,

కడపలో ముప్పై ఏళ్లు రికార్డు గదిలో పనిచేశాను. రోజూ అడిగే దస్త్రాలు బల్ల మీద, పాతవి అటక మీద. సర్వర్లలోనూ అంతేనట: తరచూ అడిగే డేటా వేగంగా చదివే ఎస్‌ఎస్‌డీ అనే నిల్వలో, ఎప్పుడో అడిగేది చవకైన హార్డ్‌ డిస్కులో. ఆర్‌డీఎంఏ (ఒక సర్వర్‌ మరో సర్వర్‌ మెమరీని నేరుగా చదివే పద్ధతి) ఉంటే పక్క సర్వర్‌ ప్రాసెసర్‌ను కదిలించకుండా, నెట్‌వర్క్‌ కార్డే ఆ సర్వర్‌ మెమరీలోంచి కొన్ని మైక్రోసెకన్లలో చదివేస్తుందని మనవడు చెప్పాడు. గుమస్తాను లేపకుండా ఫైలు తీసుకున్నట్టు! (మా రోజుల్లో లేపినా కొందరు లేచేవాళ్లు కాదు.)

మొన్న అడంగల్‌ (పొలం, పంట వివరాల రికార్డు) నకలు కోసం ఒక సేవా కేంద్రంలో గంటన్నర కూర్చున్నా. 'సర్వర్‌ స్లో' అన్నారు. ఖరీఫ్‌ రుణాల వేళ అడంగళ్లకే గిరాకీ అని మా అటెండరుకు కూడా తెలుసు. ఆ దస్త్రాలను జూన్‌కు ముందే అటక మీంచి కిందికి దించేవాడు. అధికారులారా, సర్వర్‌ స్లో అని కొత్త యంత్రాలు కొనేముందు, ఏ నెలలో ఏ కాగితం ఎందరు అడుగుతున్నారో లెక్క తీయండి.

– రిటైర్డ్‌ రికార్డు అసిస్టెంట్‌, కడప