సుద్దముక్కలు లెక్కపెట్టిన అన్నకు కృతజ్ఞతలు

మా బడి అటెండరు అన్న అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం కదా సార్" అన్నారు. ఆయన భయం నాకు తెలుసు కాబట్టి బలవంతపెట్టలేదు. నా సంగతి నేను చెప్పుకుంటాను.

నేను అనంతపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పోయిన ఏడాది పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబు పత్రాలు దిద్దుతుంటే ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. ఇక అయిపోయానే అనుకున్నాను. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఏమీ లేదని పంపేశారు. తర్వాత మూడు నెలల్లో ఇంకో నాలుగు ఈసీజీలు, ఒక ఎకో. అన్నీ బాగున్నాయి, నేను తప్ప. మందుల దుకాణంలో గ్యాస్ అన్నారు. మా అత్తగారు దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేశారు. ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చేశారు.

మా వైపు బోరు ఎండిపోతే ఎన్ని అడుగులు వేశామో, ఎంత అప్పయిందో రచ్చబండ మీద కూర్చుని చెప్పుకుంటాం. ఇది మాత్రం ఇంట్లో కూడా నోరు తెరిచి చెప్పలేకపోయాను. కల్యాణదుర్గం బస్సులో తలుపు పక్క సీటు దొరికితేనే ఎక్కేవాణ్ని. చేతి వణుకు పిల్లలకు కనిపించకుండా సుద్దముక్కను బోర్డుకు అదిమిపట్టి రాసేవాణ్ని. రోజూ నాలుగైదు విరిగేవి.

ఒకరోజు బడి వదిలాక అన్న ఆ విరిగిన ముక్కలను డబ్బా మూతలో పోసుకుని వచ్చారు. "మీ గదిలోనే ఇన్ని ఎందుకు విరుగుతున్నాయి సార్?" అని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన చొక్కా జేబులోంచి పాత బస్సు టికెట్లో చుట్టిన మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టారు. "మా పెద్దబ్బాయి పోయినప్పటి నుంచి వాడుతున్నాను. నాకూ మొదట గ్యాస్ అనే చెప్పారు."

ఆ రాత్రి మిద్దె మీద కూర్చుని 14416కు ఫోను చేశాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. అవతల ఉన్న అమ్మాయి ముందు నాచేత ఊపిరి నిదానంగా వదిలించింది. భయంతో గబగబా పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందట, వేళ్ల తిమ్మిరి అందువల్లేనట. లెక్కల మనిషిని కదా, కారణం తెలిశాక సగం దిగులు దిగింది. తల్లీ, నువ్వెవరో తెలియదు, నీకు నమస్కారం.

మానసిక వైద్యుడి దగ్గరికి అన్నే వెంట వచ్చారు. ఓపీ వరుసలో తెలిసిన మాస్టారు ఒకరు కనిపిస్తే నేను గోడ వైపు తిరిగాను. అన్న మాత్రం "నమస్తే సార్, మందుల కోసం వచ్చాం" అన్నారు. పేరు రాయొద్దన్న మనిషే! నాకోసం ఆ మాట అన్నారని ఇంటికి వచ్చాక గాని తట్టలేదు. డాక్టరు గారు దీన్ని, అంటే ఇలా ఉన్నట్టుండి భయం ముంచుకొచ్చే జబ్బును, పానిక్ డిజార్డర్ అంటారని ఓపికగా చెప్పారు. మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని, తగ్గింది కదా అని సొంతంగా మానేయొద్దని హెచ్చరించారు. మానలేదు.

ఇంకా అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు మా ఆవిడకు చెబుతున్నాను.

మొన్న నెలాఖరున అన్న స్టాఫ్ రూములోకి వచ్చి, "ఈసారి సుద్దముక్కల డబ్బా ఒకటి మిగిలింది సార్" అన్నారు.