దిగుబడితో పాటు బోరు నీళ్ల లెక్క కూడా తీయండి

సంపాదకులకు,

మాది మునుగోడు వైపు పల్లె. నాలుగెకరాల ఎర్ర చెలకలో పత్తి, ఎకరంన్నరలో బత్తాయి. మా జిల్లాలో నీళ్ల మాట ఎత్తితే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. దాని కోసం ఏళ్ల తరబడి కొట్లాడి కృష్ణా నీళ్లు ఇంటి నల్లాకు తెచ్చుకున్నాం, ఆ గోస మళ్లీ ఎవరికీ రావద్దు. కానీ ఫ్లోరైడ్ రాళ్లలోంచి వచ్చింది, నైట్రేట్ ఎక్కువగా మనం చల్లిన ఎరువులోంచే వస్తుంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైనే. మొక్క తీసుకోగా మిగిలింది నైట్రేట్‌గా మారి, నీళ్లు తొందరగా ఇంకే చెలక నేల కదా, గట్టి వాన పడితే కిందికి దిగిపోతుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశ ప్రమాణం. దాటితే ముందు దెబ్బ పసిపిల్లలకే. రంగు, వాసన ఉండవు, కాచినా పోదు. ఇంట్లో నల్లా ఉన్నా, పత్తి ఏరేటప్పుడు కూలీలు బిందె పట్టేది చేనులో బోరు దగ్గరే. మా చేనుకు వచ్చే ఒకామె వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి చంటిబిడ్డను పడుకోబెట్టేది, పాలపొడి కూడా ఆ నీళ్లతోనే కలిపేది. అప్పుడు నాకు తట్టలేదు, ఇప్పుడు తలుచుకుంటే కడుపులో దేవినట్టు అవుతుంది.

పోయినేడు మట్టి పరీక్షకు ఇచ్చాను. ఎనిమిది చోట్ల జానెడు లోతు తవ్వి, నీడలో ఆరబెట్టి, అర కిలో మూట కట్టి ఇస్తే, కాగితం చేతికొచ్చేసరికి పత్తి నడుమెత్తు పెరిగింది, రెండు దఫాల యూరియా కూడా పడిపోయింది. అందులో నీళ్ల ముచ్చటే లేదు.

కంపాసాగర్, పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రాలు మనకు దగ్గరే ఉన్నాయి, శాస్త్రవేత్తల మీద నాకు నమ్మకం ఉంది. వాళ్లు ఒక ఊరిని తీసుకుని రైతుల చేలల్లోనే, కొంత మామూలుగా, కొంత జనుము లాంటి పచ్చిరొట్ట పైరును నేలలో కలియదున్ని యూరియా తగ్గించి పండించి చూడాలి, ఆ చేల బోర్ల నీళ్లను వానలకు ముందూ తర్వాతా పరీక్షించాలి. వాన ఏటా ఒకేలా పడదు కాబట్టి కనీసం మూడేళ్లు చేయాలి. దిగుబడి తగ్గితే ఆ నష్టం ప్రభుత్వం భరించాలి, లేకుంటే అప్పు తెచ్చి సాగు చేసేవాడు ఎందుకు ముందుకొస్తాడు? వచ్చిన అంకెలు రైతు వేదిక గోడ మీద తెలుగులో రాయించాలి.

ఈ వానాకాలం బత్తాయి చెట్ల మధ్య జనుము చల్లి, పూత మీద ఉండగా కలియదున్నాను. ఇక యూరియా ఎంత తగ్గించొచ్చో చెప్పేవాళ్లు వస్తే, ఆ ఎకరంన్నర, దాని బోరు రెండూ పరీక్షకు ఇస్తాను.

– ఒక రైతు, మునుగోడు మండలం, నల్గొండ జిల్లా