10-1తో ఓడినా రహీం సాబ్‌ని పంపించెయ్యలేదు

ఎడిటర్ గారికి,

సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్ ఆశ పోయిన దగ్గర్నుంచీ మన ఫుట్‌బాల్ అభిమానులది ఒకటే పాట, కోచ్‌ని మార్చండి. ఆ మ్యాచ్ నాటికి ఖాలిద్ జమీల్ వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. అంతకుముందు మానోలో మార్క్వెజ్ ఏడాది ఉన్నాడు, అదీ గోవా క్లబ్ పని కూడా చూసుకుంటూ (ఇలాంటి ఏర్పాటుకి ఎవరు ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు). ఆయనకంటే ముందున్న స్టిమాచ్‌ని 2024 జూన్‌లో సాగనంపారు. అంటే పద్నాలుగు నెలల్లో ముగ్గుర్ని చూశాం, ఇప్పుడు నాలుగోవాడు కావాలట.

విదేశీ కోచా మనవాడా అన్న చర్చ నాకు దండగ అనిపిస్తుంది. మన హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం గురించి సినిమా వచ్చాక అందరికీ 1962 జకార్తా ఆసియా క్రీడల (ఏషియాడ్) స్వర్ణం గుర్తుంది గానీ, 1952 హెల్సింకీ ఒలింపిక్స్ ఎవరికీ గుర్తు లేదు. అక్కడ కోచ్ ఆయనే, యుగోస్లావియా మనకి పది గోల్స్ కొట్టింది, మనం కొట్టింది ఒకటి. మనవాళ్లలో కొందరు బూట్లు లేకుండానే ఆడారు. ఇవాళ అలాంటి స్కోరు వస్తే ఆ కోచ్ విమానం దిగకముందే ఉద్యోగం ఊడుతుంది! ఆయన్ని మాత్రం వదులుకోలేదు. మధ్యలో కొన్ని టోర్నీలకి వేరేవాళ్లు వెళ్లారు గానీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి మళ్లీ ఆయనే. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్స్ సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే అయింది, చివరికి నాలుగో స్థానం.

ఈ నాలుగేళ్లలో ఏం జరిగిందన్నదే అసలు విషయం. రహీం సాబ్ వృత్తికి స్కూల్ టీచరు, పిల్లలకి చెప్పినట్టే ఆటగాళ్లకీ చెప్పేవారంటారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న రూలుతో పోటీలు పెట్టేవారు, బాల్ పట్టుకుని కూర్చోకుండా పాస్ ఇవ్వడం అలవాటు కావాలని. బలం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో పెద్ద టోర్నీ అయిన రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచింది, ఊరికే రాలేదవి. నూర్ మహమ్మద్, అజీజ్, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం, ఇలా ఆయనకి బాగా తెలిసిన మనవాళ్లు చాలామందే జాతీయ జట్టులో కనిపించేవాళ్లు. మరి ఇప్పటి కోచ్‌కి ఆటగాళ్లు క్యాంపులో దొరికేది కొద్ది రోజులు, దానికీ క్లబ్బులు ఒక్కోసారి వాళ్లని పంపడానికి ఒప్పుకోవు.

1962 జకార్తాలోనూ మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం, ఆ సంగతి చాలామంది చెప్పరు. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపారు, చూడండి ఎంత తెగువో. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. ఆతిథ్య ఇండోనేషియా ఈ క్రీడలకి ఇజ్రాయెల్, తైవాన్‌లని రానివ్వలేదని మన అధికారి సోంధీ అభ్యంతరం చెప్పడంతో స్టేడియమంతా మన మీద మండిపడుతోంది. పీకే బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ సింగే ఇంకోటి కొట్టి 2-1తో గెలిపించారు. ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి దక్కింది 1970లో ఒక్క కాంస్యం.

కాబట్టి ఫెడరేషన్‌ని నేనడిగేది రెండే. కోచ్ ఎవరైనా సరే కనీసం నాలుగేళ్లు ఉంచాలి, క్వాలిఫయింగ్‌లో ఓడినా సరే. జాతీయ జట్టు పని చేస్తూ క్లబ్ పని ఒప్పుకోనివ్వకూడదు. మీరు కూడా ప్రతి ఓటమి తర్వాత రాజీనామా వార్త వేసే బదులు, క్యాంపులో ఏం నేర్పిస్తున్నారో ఒక్కసారి విలేకరిని పంపి రాయించండి.

ఇట్లు,
ఓ ఫుట్‌బాల్ అభిమాని, హైదరాబాద్