గడగడకు షీట్ ఒక్కటే మందు కాదు

సంపాదకులకు,

వాల్యూమ్ పెంచగానే కారు డోర్లు, డిక్కీ గడగడలాడితే ‘డ్యాంపింగ్ షీట్ వేయించండి’ అన్న సలహాయే ఎక్కువగా వినిపిస్తోంది. మీ వాహనాల పేజీ చదివేవారు షీట్లు కొనేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ షీట్, అంటే రేకుకు అంటించే బ్యూటైల్ రబ్బరు పొర, పల్చటి రేకు అదురును తగ్గిస్తుంది, అంతే. ఒకదానికొకటి తగిలి కొట్టుకునే రెండు భాగాలను అది ఆపలేదు. గడగడల్లో ఎక్కువ ఈ రెండో రకమే.

ముందు మోత ఎక్కడిదో పట్టుకోవాలి. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్‌ను మధ్యస్థ వాల్యూమ్‌లో పెట్టాలి. గడగడ మొదలైన ఫ్రీక్వెన్సీ దగ్గర పెంచడం ఆపి, అదే టోన్ మోగుతూ ఉండనివ్వాలి. ఒకరు లోపల కూర్చుని డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు కవర్), డ్యాష్‌బోర్డ్, వెనక షెల్ఫ్, సీలింగ్ లైటు ఒక్కొక్కటే అరచేత్తో నొక్కుతూ పోతే, ఎక్కడ చెయ్యి పడగానే మోత ఆగుతుందో అక్కడే దొంగ దొరికినట్టు. డిక్కీలో సబ్‌వూఫర్ (లోతైన బేస్ మోగించే స్పీకర్) ఉంటే చాలాసార్లు తప్పు నంబర్ ప్లేటుదే. దాని వెనక ఫోమ్ ముక్కలు అంటించి స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. ఎక్కడ నొక్కినా ఆగకపోతే స్పీకర్‌నే అనుమానించాలి: దాని లోపలి తీగచుట్ట (వాయిస్ కాయిల్) రాసుకుంటూ ఉండొచ్చు, ఆంప్లిఫయర్ క్లిప్ అవుతూ, అంటే శక్తికి మించి మోగి శబ్దం చీలుతూ ఉండొచ్చు. అప్పుడు ఎన్ని షీట్లు అంటించినా దండగే.

డోర్ ప్యాడ్ విప్పేముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. కొన్ని కార్ల డోర్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటుంది. ప్యాడ్‌ను పట్టి ఉంచే క్లిప్పుల్లో విరిగినవి, వదులైనవి మళ్లీ వాడొద్దు. వైర్ల కట్ట, లాక్ రాడ్లు రేకుకు తగిలేచోట ఫెల్ట్ టేపు చుట్టాలి, రాడ్ కదలికకు మాత్రం అడ్డు రాకూడదు. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండవేడికి జిగురు కారి ఊడిపోతుంది. ప్యాడ్‌కూ రేకుకూ మధ్య 3 నుంచి 6 మి.మీ. క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీళ్లు పీల్చని రకం) పెట్టాలి. అంతకన్నా మందమైతే క్లిప్పులు సరిగా కూర్చోవు, గడగడ తిరిగొస్తుంది. స్పాంజి అసలు వద్దు, నీళ్లు పీల్చి రేకును తుప్పు పట్టిస్తుంది.

ఇక షీట్ సంగతి. డోరంతా కప్పనక్కర్లేదు. వంపులు, మడతలు ఉన్న అంచులు ఎలాగూ గట్టిగానే ఉంటాయి. వేలి కణుపుతో కొడితే ‘టంగు’మనే మధ్యభాగంలో 2 మి.మీ. షీటుతో 25–30 శాతం కప్పితే చాలు. రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, షీటు పైనున్న అచ్చు చదునయ్యేదాకా రోలర్ నడపాలి. ఈ పని బద్ధకిస్తే షీటు కింద గాలి చిక్కి అంచులు లేస్తాయి. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయొద్దు. ఇంటి కప్పులకు వాడే తారు షీట్లు చవకే కానీ, ఎండకు మెత్తబడి జారతాయి, కారంతా వాసన.

సబ్‌వూఫర్ ఉన్నవారు ఇవన్నీ చేసేముందే డోర్ స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్ (కింది బేస్‌ను తగ్గించే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి వినాలి. డోర్‌ను అదరగొట్టేది అంతకన్నా కింది బేసే. సెట్టింగ్ మార్చడానికి ఖర్చేమీ లేదు.

— ఒక కార్ ఆడియో టెక్నీషియన్